గిటారు అయివారిని నాయన ఎంచిన తీరు

మొన్న ఆదివారం మా మనవరాలు నా పక్కన చతికిలబడి, సెల్లులో గిటారు వాయించేవాళ్ళను ఒకరి తరవాత ఒకరిని చూపిస్తూ, వీళ్ళలో ఎవరి దగ్గర చేరమంటావో చెప్పమని అడిగింది. ఒకాయన వేళ్ళు తీగల మీద కనబడితే ఒట్టు, అంత వేగం. నాకు నవ్వొచ్చింది. దాని వయసులో నేనూ ఇలాగే నోరు తెరుచుకొని చూసి నాలుగు నెలలు గంగలో కలిపాను మరి.

మాది అరవనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తం. నాయన తాపీ మేస్త్రీ. వేలూరులో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసే మా మేనత్త, నయమై సొంతూరికి పోతున్న పేషెంటు ఒకామె మెచ్చి ఇచ్చిపోయిన గిటారును, దీన్ని నేనేం చేసుకునేదని గొణుగుతూ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తాపీ పట్టే ఇంట్లో గిటారేమిటని వీధంతా నవ్వారు గానీ, నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. పొరుగింటి పుల్లకూర రుచి కదా, వేలూరులో గిటారు నేర్పే పెద్ద అయివారు ఒకాయన ఉన్నాడని విని నాయనా నేనూ బస్సెక్కాము. ఆయన వాయించి వినిపిస్తుంటే నాయన సున్నం మరకల చొక్కాతోనే గోడకానుకొని, కళ్ళు మూసుకొని విన్నాడు. ఇంకేముంది, అక్కడే చేర్చేశాడు.

ప్రతి ఆదివారం పోయేదాన్ని. గంటలో ముప్పావు వంతు అయివారే వాయించేవాడు, మేము ఆరుగురం ఆహా ఓహో అంటూ కూర్చునేవాళ్ళం. నాలుగు నెలల తరవాత మా అత్త వచ్చి ఏదీ ఒక్క పాట వినిపించమంటే, నా చేతిలో టింగుటింగుమనే చప్పుడు తప్ప ఇంకేమీ పలకలేదు.

"ఆయన వాయించేది బాగుండాది, కాదనలేదు. నీకేమొచ్చినాది పాపా?" అన్నాడు నాయన.

ఇంకొక్క అయివారిని చూస్తాననీ, అక్కడా కుదరకపోతే గిటారు అత్తకు తిరిగిచ్చేయాల్సిందేననీ తేల్చి చెప్పాడు. నాయన అన్నాడంటే అన్నట్టే. దాన్ని దుప్పటిలో చుట్టిపెట్టి, కళ్ళు వాచేలా ఏడ్చాను.

మేస్త్రీల్లో ఒక పద్ధతి ఉంది. ఒకడి పనితనం తెలియాలంటే వాడు కట్టిన గోడను కాదు, వాడి కింద పని నేర్చుకున్నవాడు కట్టిన గోడను పోయి చూస్తారు. తాపీ పిడితో రెండు దెబ్బలు కొడతారు, గట్టిగా పలికితే ఇక మాటల్లేవు, పని ఆ మేస్త్రీకే. అంత తెలిసిన మనిషి సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాడు! మేస్త్రీ గోడ చూసి మోసపోతిమే అని నాలుగు రోజులు తనను తానే తిట్టుకున్నాడు.

సంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, మా ఇంటికి రెండు వీధుల అవతలే, లుంగీలు నేసే ఒకాయన సాయంత్రం మగ్గం ఆపి నలుగురైదుగురికి గిటారు నేర్పుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆయన ఇంట్లోనూ మా తెలుగే. మేము పోగానే ఆయన వాయించబోయాడు, నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు వాయించద్దు సామీ. మీ దగ్గిర నేర్చుకునేవాళ్ళను వాయించమనండి."

సిగ్గుతో నా ప్రాణం పోయింది. ఆయన మాత్రం నవ్వి, అక్కడ నేర్చుకుంటున్న, బట్టలు కుట్టే ఒక అక్కను పిలిచాడు. ఆమె నిదానంగా మొదలుపెట్టి, మధ్యలో తప్పింది. అయిపోయింది, నా గిటారు పోయినట్టేననుకున్నాను. అయివారు గిటారు లాక్కోలేదు, కసురుకోలేదు.

"యాడ తప్పినావో నువ్వే చూసుకోమ్మా," అని ఊరుకున్నాడు.

ఆమె ఒకసారి వెనక్కి పోయి, వేలు సర్దుకొని, తప్పును తానే దిద్దుకొని చివరిదాకా వాయించింది. నాయన వేలి కణుపులతో తలుపు చట్రం మీద రెండు దెబ్బలు కొట్టాడు. నా గిటారు నాకు దక్కిందని తెలిసిపోయింది.

ఆరేళ్ళు నేర్చుకున్నాను ఆ మగ్గం పక్కన. తీగలు నొక్కీ నొక్కీ కాయలు కాచిన నా వేలికొసల పక్కన, సున్నం తిన్న తన వేళ్ళు పెట్టి చూసుకొని నాయన మురిసిపోయేవాడు. తరవాత తరవాత కొత్తవాళ్ళెవరైనా చేరడానికొస్తే అయివారు తాను వాయించకుండా నన్ను వాయించమనేవాడు. అంతకంటే పెద్ద మెప్పు నా బతుకులో ఇంకొకటి లేదు. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళను తలచుకుంటే ఈ చేతులు వాటంతటవే దండం పెడతాయి.

మనవరాలి చేతిలో సెల్లు పక్కన పెట్టించి, నిన్న వేలూరులో ఒక చోటికి తీసుకుపోయాను. నాయన అడిగిన మాటే అడిగాను. అయివారు కుర్రాడు, ముందు బిత్తరపోయాడు, తరవాత బ్యాంకులో పనిచేసే ఒకామెను వాయించమన్నాడు. ఆమె తప్పింది. ఆ అబ్బాయి చేతులు కట్టుకొని, ఆమె దిద్దుకునేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. నా గుండె నిండిపోయింది. నాకు తెలియకుండానే చెయ్యి తలుపు మీదికి పోయి రెండు దెబ్బలు కొట్టింది. ఇప్పుడన్నీ అద్దం తలుపులు కదా, సరిగ్గా పలకనైనా లేదు. ఆ దెబ్బలకు అర్థం తెలిసినవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు.

"ఎవర్ని పిలస్తా ఉండావవ్వా?" అని మనవరాలు తలుపు బయటికి తొంగిచూసింది.

నాయననే పిలిచానేమో.