మోకాళ్ళలో మేకులు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. దాలమ్మ నోరు మంచిదే, పాపం, ఒక్క మాటే ఆమె కొంప ముంచింది. రాజాం పక్క పల్లెలో ముప్పై ఏళ్ళు వరి ఉడుపులకి వంగి వంగి, మోకాళ్ళు పోయి ఇంటిపట్టున పడిన మనిషి. బొమ్మలు చేయడం చదువుకునే విశాలి, ఊరంతా పొలాలకి పోయిన వేళల్లో వచ్చి, పెరట్లో ఆమెను వంగోబెట్టి బొమ్మ చేసింది. నొప్పి ఎలా ఉంటుందని అడిగితే, "మోకాళ్ళల్ల మేకులు దిగ్గొట్టినట్టుంటాదమ్మా" అంది దాలమ్మ.

ఆ పిల్ల నిజంగానే దిగ్గొట్టింది! గడ్డీ మట్టీ కలిపి చేసిన మనిషంత ఆకారం. మొహం లేదు. మోకాళ్ళ నిండా మేకులే. "ఇప్పటి బొమ్మలింతేనమ్మా, ముఖం కాదు, కష్టం కనపడాలి" అని, ఆరాక శుక్రవారం నాలుగు గంటల బస్సుకొచ్చి పట్టుకెళ్తానంది.

ఈలోగా ఎదురింటి గంగులుకి జ్వరమొచ్చి కాళ్ళు పడిపోయాయి. శుక్రవారం మధ్యాహ్నం అతని తమ్ముడు నూకయ్య, తప్పిపోయిన కోడిపెట్టను వెతుక్కుంటూ దాలమ్మ పెరట్లోకి తొంగి చూశాడు. అంతే, కాసేపట్లో ఊరంతా అక్కడే ఉంది.

"మా అన్నకి సిల్లంగి ఎట్టినావేటే?" నూకయ్య చేతిలో రాయి ఉంది.

దాలమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. పోయినేడు పక్కూళ్ళో ఇలాగే చిల్లంగి పెట్టి చేతబడి చేసిందని ఓ ముసలామె పళ్ళు రాళ్ళతో ఊడగొట్టారు.

"ఓలమ్మ! అది గంగులు కాదర్రా, నాను!"

"నువ్వైతే మొకమేదే?"

మొహం ఎక్కణ్ణుంచి తెస్తుంది? చీర ఎగదోపి, బొమ్మ పక్కన ఉడుపుకి వంగినట్టు వంగింది. ఒరిగిన నడుమూ, పక్కకి తిరిగిన ఎడమ పాదమూ అచ్చు గుద్దినట్టున్నాయి. నూకయ్య రాయి కింద పడేశాడు. దాలమ్మకి ఊపిరొచ్చింది.

"నిజమేరా, ఇది దాలమ్మే" అంది గంగులు పెళ్ళాం. "అయితే ఎవులో దీనికే ఎట్టినారు. అందుకే రోజూ మోకాళ్ళట్టుకుని ఏడుస్తాది. ఎవులే, దాలమ్మా? పేరు సెప్పు, ఆళ్ళ సంగతి మేం సూస్తాం."

వెర్రి జనం! నూకయ్య మళ్ళీ రాయి తీశాడు. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. ఇంకో అయిదు నిమిషాల్లో విశాలి నవ్వుకుంటూ ఇటే వస్తుంది. ఇరవై దాటని పిల్ల.

"సెప్పవేటే?"

"ఎవులూ కాదు" అంది దాలమ్మ. "నానే సేసినాను."