బుచ్చిరాములు పంజా

కల్లు గీస్తూ తాటిచెట్టు మీది నుంచి పడి, వెన్నుపూస విరిగి, బుచ్చిరాములు దవాఖానలో చేరాడు. ఇక కాళ్లు రావని తెలిశాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. భార్య సైదమ్మ పలకరించినా ఉలకడు, పలకడు.

పక్క మంచం మీది లారీ డ్రైవర్ మెహమూద్‌కూ అదే దెబ్బ. ఒకరోజు మధ్యలోని బల్ల మీద మోచేయి ఆనించి, "రాములన్నా, జర పంజా వడదామా?" అన్నాడు.

బుచ్చిరాములు విసుగ్గా ఇటు ఒత్తిగిలి చేయి కలిపాడు. ఒక్క ఊపున మెహమూద్ చేతిని బల్ల మీదికి వంచేశాడు.

"యా అల్లా! ఏండ్లకేండ్లు స్టీరింగ్ తిప్పిన చెయ్యి గిది!"

"నాది తాటిచెట్లను కావలించుకున్న చెయ్యి భాయ్!" అంటూ బుచ్చిరాములు పకపకా నవ్వాడు. పడ్డాక అదే మొదటి నవ్వు.

బయట గిన్నెలు కడుగుతున్న సైదమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందయ్యా, గట్ల అరుస్తున్నరు?"

"చక్రాల కుర్చీ తే. పక్క వార్డుల ఎవడన్న దొరుకుతడేమో సూసొస్త."