నీలం అంచు చీర

ఇన్నేళ్లుగా ఇది నా గుండెల మీద బరువుగా ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు అమెరికాలో, ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఇండియా వెళ్లొచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో సగం పక్కవాళ్ల సామానే ఉంటుంది కదా. ఆ వేసవిలో విజయవాడ నుంచి వస్తుంటే, మా పై అంతస్తులో ఉండే మాధవికి ఇమ్మని వాళ్లమ్మగారు ఒక మూట ఇచ్చారు. మాధవికి ఏడో నెల. వాళ్లమ్మగారికేమో వీసా రాలేదు. పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వేయరు, పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరల్లో చుడతారు. తను రాలేకపోయినా తన చీరలైనా చేరాలని ఆవిడ ఆశ.

నేను దిగేసరికి మాధవి శ్రీమంతానికని హ్యూస్టన్‌లో ఉంది. మూట మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ వారమే మా అమ్మాయి స్కూల్లో సమ్మర్ క్యాంప్ ప్రోగ్రామ్. రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్ దొరసానుల డాన్స్. పాత సామాన్ల షాపులో తెల్ల దుప్పటి కొని, గౌను నేనే కుడతానని గొప్పలు పోయాను. తీరా లంగాకు కొలిచినట్టు నడుము నుంచి కొలిచి కత్తిరించాను. ఆ గౌనుకు కుచ్చిళ్లు ఛాతీ కిందనుంచే మొదలవుతాయి. పాదాల దాకా రావాల్సింది పిక్కల దగ్గరే ఆగిపోయింది. అమ్మాయి ఏడుపు.

ఇంకో దుప్పటి కొనొచ్చు కదా అంటారా? కొనొచ్చు. నాకు డ్రైవింగ్ రాదు, కారు ఆయన ఆఫీసుకు తీసుకెళ్లారు. అదీ సాకే. సాయంత్రం దాకా ఆగితే సరిపోయేది. ఆగలేదు. మూట విప్పాను. సన్నటి నీలం అంచు ఉన్న తెల్ల చీరను అమ్మాయి భుజాల మీద వేసి చూస్తే నీళ్లలా జారింది. అది ఎవరిదో, ఎందుకు పంపారో తెలిసే కత్తెర పెట్టాను. పాత చీరే కదా, ఒకటి తగ్గితే ఏమవుతుందిలే అనుకున్నాను. అంచు చించి చెత్తలో పడేశాను.

గౌనును అందరూ మెచ్చుకున్నారు. దుప్పటితో కుట్టానని చెప్పుకుని మురిసిపోయాను. మాధవి తిరిగొచ్చాక మూట ఇచ్చాను. మర్నాడు మా ఇంటికి వచ్చి, కుర్చీ మీద ఉన్న ఆ గౌనును చేత్తో నిమిరింది. తనకూ దుప్పటి కథే చెప్పాను.

“ఇది దుప్పటా అక్కా? ఎంత మెత్తగా ఉందో!”

“బాగా ఉతికాను.”

“అవునూ, అమ్మ నీలం అంచు చీర కూడా పెట్టానంటోంది. నేను పుట్టినప్పుడు నన్ను చుట్టింది దాంట్లోనేనంట. మూటలో అయితే లేదు. నువ్వేమైనా చూశావా?”

ఆమె చెయ్యి ఇంకా గౌను మీదే ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. “లేదే. పెద్దావిడ కదా, మర్చిపోయుంటారు” అన్నాను.

ఆ మాట ఎందుకన్నాను? తెలియదంటే సరిపోయేది కదా? తప్పు నా మీదికి రాకుండా అప్పటికప్పుడు ఆవిడ మీదికి తోసేశాను. మాధవి నమ్మింది. ఫోన్లో తల్లిని మతిమరుపని ఆటపట్టించింది. ఆవిడ ఇల్లంతా వెతికారట. తర్వాత తర్వాత ఆవిడకు గ్యాస్ కట్టేశానో లేదో అని అనుమానం, మందులు వేసుకున్నానో లేదో అని అనుమానం. ఏడాది తిరగకముందే బీరువా తాళాలు కోడలికి ఇచ్చేశారు. అదంతా నావల్లేనా, వయసువల్ల కూడానా? ఎంత ఆలోచించినా తేలదు. తేలదన్న మాట వెనక దాక్కోవాలని చూస్తాను, అదీ తెలుసు.

మాధవికి పాప పుట్టాక ఆవిడ ఒకసారి నాతో ఫోన్లో మాట్లాడారు. “లేని చీర ఉందని చెప్పి నిన్నూ వెతికించాను. ఏమీ అనుకోకమ్మా, నా బుర్ర పనిచేయట్లేదు” అన్నారు. నేను “పర్లేదు పిన్నిగారూ” అన్నాను. క్షమించినట్టు.

ఇప్పుడు ఆవిడ లేరు. మాధవికి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మీకైనా చెప్పాను, కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆవిడ మర్చిపోలేదు. చీర పెట్టారు. దాన్ని కత్తిరించింది నేను.