తేట నీళ్లకు అడ్డం నిలబడ్డ మనిషి

ఆశ్వయుజం వెళ్లకముందే మా నీళ్ల మేష్టారు పోయారు. పొద్దున్నే పాలు పొయ్యడానికి వాళ్ల గుమ్మం ఎక్కితే, మేష్టారి భార్య గిన్నె లేకుండా ఉత్త చేతులతో వచ్చింది. "తెల్లారగట్ల గుండె ఆగిపోయింది పిన్నీ" అంది. పాల క్యాను దించి మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కార్తీకం వస్తోంది, తలాబు, అదే మా చెరువు, మళ్లీ పచ్చబడింది. ఇప్పుడా పోవడం?

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. తెలుగు సంఘం పత్రికలో వేస్తామన్నారు కాబట్టి రాయపూర్‌లో ఉన్న మనవాళ్లంతా వినండి.

మేష్టారు ఇక్కడ కాలేజీలో సైన్సు చెప్పేవారు. అంతకుముందు మన కోస్తాలో సముద్రపు నీళ్లు చూసే ఉద్యోగం. సముద్రం రంగు మారితే నీళ్లు పట్టి, భూతద్దంలో చూసి, ఆ నీళ్ల విషం ఎక్కే ఆల్చిప్ప గుల్లలు తినొచ్చో లేదో బెస్తవాళ్లకి చెప్పాలి. "అంత సముద్రాన్ని వదిలి ఈ ఎండల్లోకి ఎందుకొచ్చావు బాబూ?" అని ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పారు. ఒక ఏడు నీళ్లు ఎర్రబారాయట. చూడగానే ఈయనకి అనుమానం వచ్చింది. పరీక్ష తేలేదాకా నోరు మెదపొద్దు, జనం బెదిరిపోతారు అన్నారు పైవాళ్లు. ఆగారు. పరీక్ష తేలి ఈయన పల్లెకి పరిగెత్తేసరికి ఒక ఇంట్లో గుల్లలు వండుకుని తినేశారు. ఆ ఇల్లాలు దక్కలేదు. "పరీక్ష అబద్ధం చెప్పలేదు పిన్నీ. ఆలస్యంగా చెప్పింది" అన్నారు.

ఇక్కడికొచ్చినా నీళ్ల పిచ్చి పోలేదు. మా బస్తీ వెనక తలాబు గట్టున పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చునేవారు. పుల్లతో పచ్చదనాన్ని ఎత్తి చూసేవారు. దారాల్లా వేలాడితే మామూలు నాచు. రంగు డబ్బాలో ముంచినట్టు పుల్లకి పూసుకుంటే చెడ్డది. సీసాలో నీళ్లు పట్టి కిటికీలో పెట్టేవారు. పాల మీద మీగడలా పచ్చ పైకి తేలితే ఆ రోజు నా దగ్గరికి వచ్చి, "గేదెల్ని అటు తోలకండి" అనేవారు. "గాలి ఎటు కొడితే విషం ఆ ఒడ్డున పేరుకుంటుంది." వాళ్లావిడ మాత్రం, "మా ఇంట్లో ఊరగాయ జాడీల కంటే బురద సీసాలే ఎక్కువ పిన్నీ" అని నెత్తి కొట్టుకునేది.

మూడేళ్ల కిందట దసరా దుర్గమ్మ బొమ్మలు నీళ్లలో కలిపాక తలాబంతా పచ్చ రంగు ఒలకబోసినట్టయింది. పక్క వీధి పాలవాడు రౌత్ గేదె ఆ నీళ్లు తాగి గట్టు మీదే పడిపోయింది. అప్పుడు వార్డువాళ్లు పడవ వేసుకొచ్చి బస్తాల కొద్దీ నాచు చంపే మైలుతుత్తం చల్లారు. నాలుగు రోజుల్లో నీళ్లు తేరుకుని అడుగున రాళ్లు కనపడ్డాయి. అందరికీ సంబరం. కార్తీకం మొదటి రోజు తెల్లవారుజామున ఆడవాళ్లం స్నానాలకి లోటాలు పట్టుకుని రేవుకి వెళ్తే, మేష్టారు బనీను మీద చేతులు చాపుకుని మెట్లకి అడ్డంగా నిలబడి ఉన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏటి బాబూ, ఆడోళ్ల రేవులో నీకేటి పని?"

"పిన్నీ, ఆ పచ్చ చచ్చింది. దాని కడుపులో విషం ఎక్కడికి పోతుంది? పగిలి నీళ్లలోనే కలిసింది. పచ్చగా ఉన్నప్పుడు చూసి భయపడ్డారు. ఇప్పుడు తేటగా ఉందని పుక్కిలిస్తారు."

"పరీక్ష చేయించావా?"

"నీళ్లు భోపాల్ ల్యాబుకి పంపాను. జవాబు వచ్చేసరికి కార్తీకం అయిపోతుంది."

"నీ మాట తప్పయితేనో?"

"తిట్టండి. తిట్లకి ఎవరూ చావరు." గొంతు తగ్గించి అన్నారు: "నా దగ్గర సైన్సు ఉంది పిన్నీ, గొంతు లేదు. మీకుంది."

గేదె పడిపోవడం నేను చూశాను. అందుకే వెనక్కి తిరిగాను. "ఒలే, ఎవర్తయినా పానీలో కాలు పెట్టిందంటే టంగ్డీ ఇరగ్గొడతాను! నడండి బోరింగు కాడికి!" వార్డు మెంబరు వచ్చి, ధరమ్ పనికి అడ్డం పడొద్దమ్మా అన్నాడు. లోటా ముంచి చేతికిచ్చి, "ముందు నువ్వు పుక్కిలించు నాయనా" అన్నాను. వాచీ చూసుకుని వెళ్లిపోయాడు. ఆ నెలంతా మేమంతా బోరింగు కిందే స్నానాలు చేశాం.

భోపాల్ జవాబు ఎప్పటికో వచ్చింది. విషం ఉందిట, ఎంతో చెప్పలేరుట. మేష్టారు నవ్వారు. "ఎవరికీ ఏమీ కాలేదు కదా. అందుకే మనం ఏం చేశామో ఎవరికీ తెలీదు" అన్నారు. ఆ నవ్వులో ఎంత అలుపుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఆ తరవాత ఆయన అడిగింది పెద్ద కోరికలేం కావు. వారానికోసారి నీళ్లు చూడటానికి ఒక మనిషి. పచ్చబడితే ముందు రేవుకి తాడు కట్టడం, పరీక్ష తరవాత. ముదిరిన పచ్చ మీద మైలుతుత్తం చల్లకపోవడం. మురుగు కాలవ తలాబులోకి రానివ్వకపోవడం. "వార్డులో దేఖేంగే, చూస్తాం అన్నారు పిన్నీ. దేఖడానికి ఒక మనిషినే కదా నేనడుగుతుంది" అని చెప్పులు విప్పి అరుగు మీద వాలిపోయేవారు.

ఆయన పదో రోజు కాకుండానే మళ్లీ మైలుతుత్తం బస్తాలు వచ్చాయి. అడ్డం పడ్డాను, పక్కకి లాగేసి చల్లారు. సంఘంవాళ్లు సంతాపసభ పెడతారట, నన్ను కూడా పిలిచారు. దండ వద్దు. ఆ ఒక్క మనిషిని పెట్టించండి. నేను అలిసిపోయాను, నా గొంతు కూడా పోతోంది.

ఈ కార్తీకం మొదటి పొద్దున ఒక్కదాన్నే రేవుకి వెళ్లాను. కొత్త కోడలెవరో, ఈ ఊరి పిల్లే, ఆకుదొన్నెలో దీపం పట్టుకుని దిగుతోంది. వెనక బోలెడుమంది. ఆగమన్నాను.

"కాబర్ దాయి? కోన్ కహిస్?" అంది. ఎందుకమ్మా, ఎవరు చెప్పారు అని.

ఇన్నేళ్లూ దానికి నా దగ్గర జవాబుండేది, సార్ చెప్పారు అని. ఇప్పుడు సార్ లేరు.

"మై కహత్ హౌ" అన్నాను. నేను చెబుతున్నాను.

ఆ పిల్ల నీళ్లకేసి చూసింది. అద్దంలా ఉన్నాయి. నాకేసి చూసింది. తరవాత వంగి, దొన్నెని నీళ్లలో వదలకుండా పొడి మెట్టు మీద పెట్టింది. దాని పక్కన ఇంకొకామె పెట్టింది. తెల్లగా వెలుగొచ్చేదాకా ఆ దీపాలన్నీ రాతి మీదే కాలాయి, నీళ్లకి జానెడు ఎగువన.