నొక్కగానే దూకాలి

బర్మాలో సైన్యం అధికారం లాక్కున్నాక పబేడాన్ పేటలో మా వీధి కొట్లన్నీ మూతపడ్డాయి. నాన్న బట్టల కొట్టూ మూతపడింది. జనం వీధుల్లో నినాదాలిచ్చిన రోజులు పోయి, తూటాల శబ్దాలు వినే రోజులొచ్చాయి. ఇంటర్నెట్ తీసేశారు. నాన్న గోడకి ఆనుకుని, అమ్మ పలకరించినా పలక్కుండా కూర్చునేవాడు.

కుర్రతనంలో ఆయన వీడియో గేమ్ పార్లర్లో గంటలు గడిపేవాడని అమ్మ చెప్పింది. ఆ కాలపు ఆటల్ని ఆడించే ఎమ్యులేటర్ నా కంప్యూటర్లో ఉంది. దాన్ని టీవీకి తగిలించి, కంట్రోలర్ ఆయన చేతికిచ్చాను.

ఆటలో మనిషి బొమ్మ పరిగెత్తుకుంటూ గోతి అంచుకి రాగానే బటన్ నొక్కాడు. బొమ్మ దూకేలోపే గోతిలో పడిపోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ పడింది. కాసేపటికి కంట్రోలర్ పక్కన పెట్టేశాడు.

"నా సేతులు ముసిలయిపోనాయి, అమ్మీ."

నేను ఆడాను. నేనూ పడ్డాను. బటన్ నొక్కడానికీ తెరమీద బొమ్మ కదలడానికీ మధ్య ఏదో ఆలస్యముంది. నెట్ లేదు, అడగడానికెవరూ లేరు. సెట్టింగులు ఒక్కొక్కటే మార్చి చూడటం మొదలుపెట్టాను. మా టీవీ ప్రతి దృశ్యానికీ మెరుగులు దిద్దాకే చూపిస్తోంది. టీవీని గేమ్ మోడ్‌లో పెడితే ఆ పని మానేసింది, ఆలస్యం కొంత తగ్గింది. ఎమ్యులేటర్లో, తెర సిద్ధమయ్యేదాకా దృశ్యాన్ని ఆపి ఉంచే వీసింక్ అనే సెట్టింగు తీసేస్తే ఇంకా తగ్గింది. కానీ బొమ్మ పరిగెత్తినప్పుడల్లా తెర అడ్డంగా చీలినట్టయి, తల ఒకచోట, కాళ్ళు ఇంకోచోట కనబడ్డాయి.

"ఏటే, మనిసి రెండు ముక్కలయిపోనాడు?" అన్నాడు నాన్న. చాలా రోజులకి నవ్వాడు.

వీసింక్ మళ్ళీ పెడితే చీలిక పోయింది, ఆలస్యం తిరిగొచ్చింది. కంప్యూటర్ దృశ్యాల్ని ముందే తయారుచేసి వరసలో ఉంచుకుంటుందని, ఆలస్యం అందువల్లేనని మర్నాడు సెట్టింగులు తిరగేస్తుంటే తెలిసింది. అలా దాచుకోకుండా చేసే సెట్టింగు వెతికిపట్టి మార్చాను. సంకేతం గాల్లో వచ్చే ఆలస్యం కూడా పోవాలని కంట్రోలర్‌కి వైరు తగిలించాను.

నాన్న నొక్కాడు. బొమ్మ గోతి దాటేసింది. మూడు గోతులు వరసగా దాటించి లేచి, చొక్కా వేసుకుని మేడెక్కాడు. పార్లర్లో ఎప్పుడూ తనని ఓడించిన బర్మా స్నేహితుడు పైనే ఉంటాడు. ఓడినప్పుడల్లా నాన్న బటన్ పనిచెయ్యలేదని సాకు చెప్పేవాడట. అల్లర్లు మొదలయ్యాక ఇద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

ఆ స్నేహితుడు లుంగీ సర్దుకుంటూ నాన్న వెనకే దిగొచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. బర్మా భాషలో నాన్న చెవిలో ఏదో అన్నాడు. నాన్న నావైపు తిరిగి చెప్పాడు: "ఇప్పుడేటి సాకు సెప్తావ్, అంతన్నాడే."

అమ్మ టీ పెట్టడానికి వెళ్ళింది.