కురచవుతున్న మనిషి

2022 ఎండాకాలం. కడపలో ఒక ఆసుపత్రి డయాలసిస్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. కిడ్నీలు పనిచేయనివాళ్లను వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు పడుకోబెట్టి మెషిన్‌తో రక్తం శుద్ధి చేస్తాం. ఒంట్లో చేరిన నీరు తీసేదీ ఆ మెషినే. ఏసురత్నం ఎర్రగుంట్ల నుంచి బస్సులో వచ్చేవాడు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ లారీలకు సిమెంటు మూటలెత్తిన మనిషి.

ఆ ఎండాకాలం, మెషిన్ పెట్టిన రెండు గంటలకే దింపేయమని గోల మొదలుపెట్టాడు.

“నడుము ఇరిగిపోతాండాది సిస్టరూ. ఇంగ పండుకునేకి నాతో కాదు.”

“పెండ్లికొచ్చినావా ఏమప్పా, తినంగానే లేసిపోయేకి? బస్సులో వస్తే ఎవరికైనా నడుము నొప్పే!”

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదని వార్డంతా ఎరుగును. విసుక్కుంటూ ఒక కాగితం నింపి ఆయన ముందు పెట్టేదాన్ని: ‘పేషెంటు సొంత ఇష్టంతో ముందుగా ఆపించుకున్నాడు.’ ఆయన సంతకం పెట్టి, గోడ పట్టుకుని వెళ్లిపోయేవాడు.

ఒకరోజు ఆయన భార్య సువార్తమ్మ మాటల్లో అంది: “ఈయప్ప ప్యాంట్లు రెండుతూర్లు మడిసి కుట్టినా సిస్టరమ్మా. అయినా నేలకు రాస్తాండాయి. మనిషి కురచైతాండాడు.”

వచ్చిన ప్రతిసారీ ఆయన బరువు రాశాను. ఎత్తు ఒక్కసారీ చూడలేదు. కిడ్నీ జబ్బు ముదిరితే ఎముకలు గుల్లబారతాయని చదువుకున్నదాన్నే. ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూసలు రెండు విరిగి అణిగిపోయి ఉన్నాయి.

డాక్టరుగారు వెర్టిబ్రోప్లాస్టీ చేద్దామన్నారు. అంటే విరిగిన పూసలోకి సూదితో ఎముకల సిమెంటు ఎక్కించి గట్టిపరచడం.

“ఇన్నేండ్లు సిమెంటును నేను మోసినా. ఇంగ అది నన్ను మోస్తాదంటావా సిస్టరూ?” అని ఏసురత్నం నవ్వాడు. ఆయన నవ్వడం చూసి చాలా రోజులైంది.

ఆ సూది వేయాలంటే బోర్లా పడుకోవాలి. సగం సగం డయాలసిస్‌తో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, ఆయనకు కూర్చున్నా ఆయాసమే. నీరు తీయాలంటే నాలుగు గంటలు పడుకోవాలి. ఆ నొప్పితో పడుకోలేడు. నొప్పి మందు పెంచుదామంటే, ఆ కిడ్నీలతో మగత కమ్మి ఊపిరే ఆగుతుందేమోనని భయం. వార్డులో చేర్చుకుని, పక్కకు తిప్పి, దిండ్లు ఎత్తుపెట్టి, సూదులున్న చెయ్యి పట్టుకుని నేనే కూర్చున్నాను. పళ్లు బిగబట్టి మూడు గంటలు ఓర్చుకున్నాడు. మర్నాడు మళ్లీ మెషిన్ పెట్టేలోపే ఊపిరాడక చనిపోయాడు.

వారం తర్వాత రిపోర్టుల కోసం వచ్చిన సువార్తమ్మ ఆ సంతకాల కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చదివింది.

“ఇష్టంతో దిగినాడని రాసినారే. ఆయప్పకు యాడిది సిస్టరమ్మా ఇష్టం?”

రాసింది నా చెయ్యే. తల వంచుకుని ఏడ్చాను.

ఇప్పుడు ఎవరైనా దింపమంటే కాగితం తీయను. ముందు వీపు మీద చెయ్యి పెట్టి, ఎక్కడ నొప్పో అడుగుతాను. నెలకోసారి అందరినీ గోడకు నిలబెట్టి ఎత్తు కూడా రాస్తున్నాను. ఏసురత్నం అసలు ఎత్తెంతో మాత్రం నాకిక తెలియదు.