మోకాళ్ళ పందెం

నా చిన్నప్పుడు మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండి, ప్రార్థన బలంతో తాలూకా పరుగు పందెంలో మొదటి బహుమతి తెచ్చానని మా సంఘంలో ఒక కథ నడుస్తోంది. అందులో ‘చిన్నప్పుడు’ అన్న మాట ఒక్కటే నిజం. ఆ కథను మొదలుపెట్టింది మా నాయన. ఎనభై దాటినా ఇప్పటికీ చెబుతాడు. ఆయన దగ్గర విని పాస్టరుగారు చెబుతారు. మొన్న పిల్లల కూటంలో కూడా చెప్పారట. మర్నాడు మా వీధిలోని పదో తరగతి పిల్ల ఒకతి ఖాళీ కడుపుతో పరీక్షకు వెళ్ళి, ప్రశ్నపత్రం చేతికి రాకముందే కళ్ళు తిరిగి పడిపోయింది. ఇక నేను నోరు మూసుకుని కూర్చోవడం కుదరదు. అయినా ఎప్పుడు కూర్చున్నాను గనుక!

మాది కంప్లి. నాకప్పుడు పన్నెండేళ్ళు. బడిలో పీటీ మేష్ట్రు ఎనిమిది వందల మీటర్ల పరుగుకు నా పేరు రాసుకున్నాడు. పందెం నెల తర్వాత, తాలూకా కేంద్రం హొసపేటలో. మా నాయన సంఘ పెద్ద. దేవుని బిడ్డలకు ఆటలెందుకని ఆయన వాదన. ఒళ్ళు పెంచుకుంటే ఆత్మ ఎండిపోతుందని గట్టిగా నమ్మేవాడు. నేను రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు వాదించి, చివరికి ఒక మాట రాబట్టుకున్నాను. “ఈ ఒక్కతూరి పో. బహుమానం తెస్తే సరి. తేకపోతే మళ్ళా ఆ మైదానం దిక్కు చూడగూడదు.” అంటే ఆ ఒక్క పరుగుతో నా పరుగులన్నీ తేలిపోవాలి.

మొదటి రోజు సాధనలో అందరికంటే చివర వచ్చాను. డొక్కలో పోటు, నోట్లో ఉప్పు రుచి. ఇంటికి వస్తూ ఒక ఉపాయం ఆలోచించాను. మా ఆడవాళ్ళు శుక్రవారం ఉపవాస కూటాల్లో ఏది అడిగినా దొరుకుతుందని చెప్పుకునేవాళ్ళు. ఎద్దు కోలుకుంది, అల్లుడు తాగుడు మానేశాడు. మరి నాకు ఒక బహుమతి రాదా? నేను ఉపవాసం ఉంటే పరిగెత్తించే పని దేవుడే చూసుకుంటాడు. కాబట్టి మర్నాటి నుంచి తిండీ మానేశాను, సాధనకు వెళ్ళడమూ మానేశాను. రెండో పని ఎంత సుఖంగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే.

నాయన మురిసిపోయాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, మాత్రం నన్ను ఒకసారి కిందికీ మీదికీ చూసింది. అవ్వ ఊహ తెలిసినప్పటి నుంచి వరి నాట్లు వేసిన మనిషి. రోజూ తెల్లవారకముందే బండల నేల మీద మోకాళ్ళూని గంటసేపు ప్రార్థన చేసేది. ఆమె ప్రార్థనకు ఒక వరస ఉండేది. ముందు ఇంట్లోవాళ్ళ పేర్లు, తర్వాత వీధిలోవాళ్ళవి, ఆ తర్వాత నాటు కూలికి వచ్చే ఆడవాళ్ళవి, అందరికంటే చివర కాలువ నీళ్ళు వదిలే నీరుగంటి పేరు. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఆ మనిషికి ఏం కావాలో అడిగి, తర్వాతి పేరుకు వెళ్ళేది.

ఉపవాసం మొదలైన రోజు సాయంత్రం అవ్వ నన్ను పిలిచింది. “ఏమే, ఉపాసం అంటే కూడు మానేది ఒకటే కాదు. రేపు పొద్దున నా పక్కన మోకాళ్ళెయ్యి. నేను లేసేదాకా నువ్వు లేయగూడదు. లేసినావంటే నెల దినాలు నేను చెప్పినట్టు ఇనల్ల. పందెమా?” నాకు నవ్వొచ్చింది. అరవై ఏళ్ళ ముసలమ్మకు పన్నెండేళ్ళ పిల్ల ఓడిపోతుందా? సరేనన్నాను.

ఇంట్లోవాళ్ళ పేర్లు అయ్యేసరికే బండ చల్లదనం ఎముకల్లోకి ఎక్కింది. వీధి సగంలో ఉండగా తొడలు వణకడం మొదలుపెట్టాయి. అవ్వ ఆ రోజు కావాలనే మెల్లగా చేసిందని నా అనుమానం. ఎప్పుడూ లేనిది ఎదురింటి బర్రె ఈత గురించి కూడా అడిగింది. బర్రె ఇంకా ఈనకముందే నేను పక్కకు ఒరిగి నేల మీద పడ్డాను. అవ్వ ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుని, నీరుగంటి దాకా పూర్తి చేసి, ఆమెన్ అని లేచింది. మోకాలి చిప్పలు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళి, జొన్నరొట్టె, చెనక్కాయల చట్నీ తెచ్చి నా ముందు పెట్టింది.

దేవుడికిచ్చిన మాట తప్పుతానేమోనని భయమేసింది. అదే అన్నాను.

“ఆయప్పకు నేను చెప్పుకుంటాలే, నువ్వు తిను” అంది అవ్వ. “నేనూ శుక్రవారాలు ఉపాసం ఉంటా. నాట్లకు పోయే దినం మాత్రం ఉండను. ఉంటే నా వరస యెనకబడతాది, పక్కదాని మీద నా పని పడతాది. ఆయమ్మ నడుం ఇరగ్గొట్టి నేను పుణ్యం చేస్తాండా అనుకుంటే ఆయప్ప నవ్వడా? నువ్వు కూడు మానింది దేవుని కోసమా, పరిగెత్తేది ఎగ్గొట్టేదానికా? నిజం చెప్పు.”

నేను రొట్టె తిన్నాను. అదే నా జవాబని ఆమెకు అర్థమైంది.

ఆ నెలంతా తెల్లవారేసరికి ఇద్దరం కాలువ గట్టు మీద ఉండేవాళ్ళం. నేను తూము దాకా పరిగెత్తాలి. అవ్వ తలకు గుడ్డ చుట్టుకుని వెనక నడిచి వచ్చేది. తూము దగ్గర ఇద్దరం మోకాళ్ళూనాలి, తర్వాత నేను మళ్ళీ ఇంటి దాకా పరిగెత్తాలి. మొదటి వారం పరుగు అలసటతో ఇంట్లోవాళ్ళ పేర్ల దాకానే ఆగగలిగాను. రెండో వారం వీధి దాటాను. నెల తిరిగేసరికి నీరుగంటిని చేరాను. అప్పుడే ఒక సంగతి గమనించాను. పరుగులో ‘ఇక చాలు’ అని డొక్క చెప్పే మాటా, ప్రార్థనలో ‘ఇక చాలు’ అని మనసు చెప్పే మాటా ఒకే గొంతువి. ఒకచోట దాన్ని లెక్కచేయకుండా ఇంకో పది అడుగులు వేయడం నేర్చుకుంటే, రెండోచోట ఇంకో పేరు దాకా ఆగడం వస్తుంది. ఒంటిని ఆత్మకు శత్రువని బోధించేవాళ్ళు మా అవ్వ మోకాళ్ళు చూసి ఉంటే నోరెత్తేవాళ్ళు కాదు. ఆ ప్రార్థన ఆ మోకాళ్ళ మీదే నిలబడింది, ఆ మోకాళ్ళు మడి బురదలో గట్టిపడ్డాయి.

హొసపేటలో నేను రెండో స్థానంలో వచ్చాను. మొదట వచ్చిన పిల్ల నాకంటే బాగా పరిగెత్తింది, అంతే. బహుమతిగా ఒక స్టీలు పళ్ళెం ఇచ్చారు. ఆ పళ్ళెం చూసి నాయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాడు. మూడు రోజుల ఉపవాసమట, మొదటి బహుమతట! నేను అవ్వ చీర కొంగు గుంజాను. అవ్వ కదల్లేదు, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇంటికి వచ్చాక నిలదీశాను. “రొట్టె చల్లారతాంది, తిను” అంది.

ఆ తర్వాత కాలేజీ పూర్తయ్యేదాకా నేను పరిగెత్తాను, నాయన ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. దాని కోసమే అవ్వ ఊరుకుందని మా తమ్ముడంటాడు. నలుగురిలో కొడుకు పరువు తీయలేకపోయిందని నా భర్త అంటాడు. నాకు రెండూ మింగుడు పడవు. తప్పు చేస్తే పాస్టరునైనా మొహం మీదే అడిగే మనిషి ఆమె.

ఇప్పుడు అవ్వ లేదు, నేను యాభై దాటాను. రోజూ గంట నడుస్తాను, తర్వాత మోకాళ్ళూనుతాను, పేర్లన్నీ వరసగా చదువుతాను. పరీక్షకు ఖాళీ కడుపుతో వెళ్ళిన ఆ పిల్ల పేరు కూడా ఇప్పుడు ఆ వరసలో ఉంది. మొన్న వాళ్ళింటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని రొట్టె తినిపించి మరీ వచ్చాను. అవ్వ ఇచ్చిన ఈ సాధన నన్ను ఏ రోజూ మోసం చేయలేదు. ఒక్కచోట మాత్రం ఆగిపోతాను, నాయన పేరు దగ్గర.

ఆ సాక్ష్యం చెప్పిన మర్నాడు, ఎప్పటిలాగే తూము దగ్గర నాయన పేరు వచ్చినప్పుడు అవ్వ ఎప్పుడూ లేనంతసేపు ఆగింది. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. నా మోకాళ్ళు మండుతున్నా లేవలేదు, చెవులు రిక్కించి విన్నాను. కాలువ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అవ్వా, ఆ పొద్దున నాయన గురించి ఆయప్పతో ఏం చెప్పినావు?